పేజీ మిగిలింది, పేరు పోయింది

పోయిన ఏడాది జూన్‌లో మా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి హైదరాబాద్‌కు ఇంటర్వ్యూకు వెళ్లింది. వాళ్లది పరకాల దగ్గర పల్లె. తెల్లవారుజామున లేచి హన్మకొండ వచ్చి, అక్కడ బస్సెక్కి పోయింది. సాయంత్రం తనే ఫోన్ చేస్తుందని ఎదురుచూశాను. చేసింది, కానీ గొంతు బాగాలేదు.

"మేడం, ఆ పేజీ నేనే రాసిన అని చెప్పిన. వాళ్లు అప్పుడే లాప్‌టాప్‌ల ఓపెన్ చేసి చూసిండ్రు. నా పేరు ఏడ లేదు మేడం."

ఏ పేజీయో నాకు తెలుసు. అది ఎట్లా తయారైందో కూడా తెలుసు, నా కళ్ల ముందే తయారైంది కాబట్టి.

నేను హన్మకొండలో ఒక డిగ్రీ కాలేజీలో కంప్యూటర్స్ చెప్తాను. అంతకు ముందు తొమ్మిదేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశాను. ఆదివారాలు నయీంనగర్‌లో మా ఇంటి పై గదిలో ఎనిమిది పదిమంది పిల్లలు కూడుతారు. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు, అంటే కోడ్‌ను అందరికీ తెరిచి ఉంచిన సాఫ్ట్‌వేర్‌కు, డాక్యుమెంటేషన్ (ఎలా వాడాలో చెప్పే పేజీలు) రాయడం, ఉన్నదాన్ని తెలుగులోకి తేవడం మా పని. జీతం లేదు, ఎవరూ అడగలేదు. వాడేవాళ్లకు అర్థమయ్యేలా రాసి ఉంటే ఎంత మేలో తెలుసు కాబట్టి చేస్తున్నాం.

చిన్న లైబ్రరీల కోసం చేసిన ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. ఏ పుస్తకాలున్నాయి, ఎవరు తీసుకున్నారు, ఎప్పటికి తిరిగి ఇవ్వాలి, ఇంతే దాని పని. దాన్ని ఇన్‌స్టాల్ చేయడం గురించి రాసిన పేజీ మాత్రం మొదటి అడుగు నుంచీ ఇంటర్నెట్ ఉందనే అనుకుంటుంది. మధ్యలో నెట్ పోతే సగం ఫైళ్లు వచ్చి ఆగిపోతుంది. మళ్లీ మొదలుపెడితే ఎర్రర్. ఈ అమ్మాయి వాళ్ల ఊరి బడిలో దాన్ని పెట్టబోయి మూడుసార్లు అక్కడే ఆగింది. నాలుగోసారి కావాల్సిన ఫైళ్లన్నీ మా ఇంట్లో పెన్‌డ్రైవ్‌లోకి దించుకుని పోయింది. ఏది ముందు, ఏది తర్వాత, ఎక్కడ ఏ మెసేజ్ వచ్చింది, అన్నీ నోట్‌బుక్‌లో రాసుకుంది. మూడు వారాలు పట్టింది. నాలుగు పాత కంప్యూటర్ల మీద మొదటి నుంచి చివరిదాకా చేసి చూసింది. వాటిలో ఒకటి 2 జీబీ ర్యామ్‌ది, అది ఆన్ కావడానికే టీ తాగి వచ్చేంత సేపు పట్టేది. చివరికి ఇంటర్నెట్ లేని చోట ఇన్‌స్టాల్ చేసే పద్ధతి మీద ఒక పూర్తి పేజీ తయారైంది. ఇంగ్లీషులోనే రాసింది, ఒక్కో వాక్యం కూడబలుక్కుంటూ. నేను అక్కడక్కడా స్పెల్లింగులు దిద్దాను, అంతే.

ఆ పేజీని ప్రాజెక్టులో కలుపుకోమని అడుగుతూ పుల్ రిక్వెస్ట్ పంపింది. ప్రాజెక్టు చూసుకునే మెయింటెయినర్ మర్యాదగానే జవాబిచ్చాడు. విషయం చాలా అవసరమైనది, భాష కొంచెం సవరించాలి అన్నాడు. రెండు రోజుల తర్వాత ఆ రిక్వెస్ట్‌ను మూసేశాడు. ఆమె రాసినదంతా కాపీ చేసి, నాలుగైదు వాక్యాలు మార్చి, తన పేరు మీద కమిట్ చేశాడు, అంటే ప్రాజెక్టు చరిత్రలో నమోదు చేశాడు. తర్వాతి నెల కొత్త వెర్షన్ వచ్చింది. విడుదల నోట్‌లో ‘డాక్యుమెంటేషన్ వలంటీర్లందరికీ ధన్యవాదాలు’ అని ఒక లైన్ ఉంది.

ఇలాంటి ప్రాజెక్టులు ఉండే గిట్‌హబ్ అనే సైట్‌లో కలిపేసిన రిక్వెస్ట్‌కు ఊదారంగు గుర్తు ఉంటుంది. కలపకుండా మూసేసిన దానికి ఎర్ర గుర్తు. ఇంటర్వ్యూలో వాళ్లకు కనిపించింది ఎర్ర గుర్తు. వాళ్లను నేను తప్పు పట్టలేను. అక్కడున్న సాక్ష్యం ప్రకారం ఈ అమ్మాయి పంపింది తిప్పికొట్టారు, పేజీ వేరే ఆయన రాశాడు. తను రాసిన పేజీ గురించే తను అబద్ధం చెప్పినట్టు తేలింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మెయింటెయినర్‌కు పొడుగాటి మెయిల్ రాశాను. ఆయన నిజంగానే బాధపడ్డాడు. ఆయనా జీతం లేకుండా పనిచేసేవాడే, ఉద్యోగం అయిపోయాక రాత్రిళ్లు చూసుకుంటాడట. క్షమించమన్నాడు, కానీ కమిట్ అయిపోయింది, ఇప్పుడు చరిత్రను మార్చలేను అన్నాడు. ధన్యవాదాల పేజీ ఒకటి ఉంది, అందులో ఆమె పేరు చేర్చాడు. దాదాపు రెండు వందల పేర్ల మధ్య, ఏం చేసిందో చెప్పకుండా.

మార్చలేనన్న మాట నిజమే. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను. మార్పుల చరిత్రను దాచే గిట్ అనే సాఫ్ట్‌వేర్‌లో ప్రతి కమిట్‌కూ ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. అందులోని ఫైళ్లు, రాసినవాళ్ల పేరు, తేదీ, దాని ముందున్న కమిట్ సంఖ్య, వీటన్నిటినీ కలిపి లెక్కగట్టి ఆ సంఖ్య తయారవుతుంది. ఎప్పటిదో ఒక కమిట్‌లో ఒక్క పేరు మారిస్తే దాని సంఖ్య మారుతుంది, దాని తర్వాత వచ్చిన ప్రతి కమిట్ సంఖ్యా మారుతుంది. ఆ ప్రాజెక్టును దించుకుని పనిచేస్తున్న వాళ్లందరి కాపీలూ చెదురుతాయి. ఒక్కరి కోసం ఏ మెయింటెయినరూ ఆ పని చేయడు, చేయమని అడగడం కూడా న్యాయం కాదు. కాబట్టి పేర్ల సంగతి తర్వాత చూద్దాంలే అనుకుంటే ఆ తర్వాత అనేది రాదు. పేరు రాయాల్సింది పని కలిపే ఆ నిమిషంలోనే.

ఆ నిమిషంలో పట్టే కష్టమెంత? ఒక్క లైన్. గిట్‌లో రాసినవాళ్లకు ఒక గడి, కలిపినవాళ్లకు ఇంకో గడి మొదటి నుంచీ విడివిడిగా ఉన్నాయి. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ గిట్‌ను తయారు చేసిందే లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్ పని కోసం. అక్కడ ఎవరో రాసిన మార్పు ఈమెయిల్‌లో వస్తుంది, ఇంకెవరో దాన్ని కలుపుతారు. కలిపినంత మాత్రాన అది కలిపినవాళ్లది కాదన్న ఎరుక ఆ పరికరం ఎముకల్లోనే ఉంది. ఇద్దరి చేయీ పడితే కమిట్ సందేశం చివర ‘కో-ఆథర్డ్-బై’ అని రాసి రెండో మనిషి పేరు, మెయిల్ పెడితే సరిపోతుంది. 2018 నుంచి గిట్‌హబ్ ఆ లైన్‌ను గుర్తించి ఇద్దరి బొమ్మలూ చూపిస్తోంది. మా అమ్మాయి విషయంలో ఆ ఒక్క లైన్ పెట్టి ఉంటే చాలు.

కోడ్ రాసేవాళ్లకు ఇలా జరగదని కాదు, జరుగుతుంది. డాక్యుమెంటేషన్‌లో ఎక్కువ జరుగుతుంది. ఎవరైనా రాసిన ఫంక్షన్‌ను కాపీ చేసి తన పేరు మీద పెట్టుకుంటే దాన్ని దొంగతనం అంటారు, గొడవ అవుతుంది. వాక్యాలను అలా తీసుకుంటే ‘భాష సరిచేశాను’ అంటారు. వాక్యం ఎవరైనా రాయగలరు అన్న చిన్నచూపు దాని వెనక ఉంది. ఆ నాలుగు కంప్యూటర్ల మీద చేసి చూసిన మూడు వారాలు వాక్యాల్లో కనిపించవు. బాగా రాసిన పేజీ చదివితే ఇది ముందే అందరికీ తెలిసినట్టే ఉంటుంది. రాసినవాళ్ల కష్టం ఎంత ఎక్కువైతే అది అంత తక్కువగా కనిపిస్తుంది.

ఇంకో చిక్కు ఉంది. డాక్యుమెంటేషన్ పనిలో సగం అసలు రాతే కాదు. మా గదిలో జరిగింది చెప్తాను. ‘డిఫాల్ట్’ అన్న మాటకు చాలా తెలుగు అనువాదాల్లో ‘అప్రమేయం’ అని ఉంటుంది. మా పిల్లల్లో ఒక్కరికీ అది అర్థం కాలేదు. రెండు ఆదివారాలు దాని మీదే పోయాయి. ‘స్వయంచాలకం’ అన్నారు, తప్పు. ‘సహజంగా ఉండేది’ అన్నారు, కుదరలేదు. జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక అబ్బాయి, ఎప్పుడూ మాట్లాడనివాడు, ‘మనం మార్చకపోతే ఉండేది’ అందాం మేడం అన్నాడు. గదిలో అందరూ ఒక్కసారి తలెత్తారు. ఇప్పుడు మా అనువాదంలో ఆ మాట ముప్పై చోట్ల పైగా ఉంది. టైప్ చేసింది వేరే అమ్మాయి. గిట్ చరిత్రలో ముప్పై చోట్లా ఆమె పేరే ఉంది, ఆ అబ్బాయి పేరు ఒక్కచోటా లేదు. ఆ అమ్మాయే వచ్చి, ఇది నాది కాదు మేడం, ఎట్ల రాయాలె అని అడిగింది.

దీనికీ దారి ఉంది. కెర్నెల్ వాళ్లు ఎప్పటి నుంచో కమిట్ చివర రకరకాల లైన్లు పెడతారు: లోపం చెప్పినవాళ్లకు ఒకటి, పరీక్షించినవాళ్లకు ఒకటి, చదివి సరేనన్నవాళ్లకు ఒకటి, ఆలోచన ఇచ్చినవాళ్లకు ఒకటి. ఒక్క అక్షరం రాయకపోయినా పేరు ఉంటుంది, ఏం చేశారో కూడా ఉంటుంది. ఆల్ కాంట్రిబ్యూటర్స్ అనే పద్ధతి కూడా ఇందుకోసమే వచ్చింది. అందులో ఒక్కో మనిషి పేరు కింద వాళ్లు చేసిన పనికి చిన్న బొమ్మ ఉంటుంది, డాక్యుమెంటేషన్‌కు పుస్తకం, అనువాదానికి భూగోళం. నాకు బొమ్మల కన్నా మాటలే ఇష్టం. కానీ కోడ్ ఒక్కటే పని కాదని ఒప్పుకున్న పద్ధతి కాబట్టి దాన్ని గౌరవిస్తాను.

అనువాదకుల పరిస్థితి ఇంకా అన్యాయం. సాఫ్ట్‌వేర్ మాటలను అనువదించే ఫైల్, మేం ‘పీఓ ఫైల్’ అంటాం, తెరవగానే పైన ‘లాస్ట్ ట్రాన్స్‌లేటర్’ అని ఒక గడి ఉంటుంది. అంటే చివరగా ముట్టుకున్నవాళ్లు. ఒకరు ఐదారు వందల వాక్యాలు రెండేళ్లు కూర్చుని అనువదిస్తారు. ఆ తర్వాత ఇంకొకరు వచ్చి రెండు అచ్చుతప్పులు దిద్దుతారు. గడిలో రెండో మనిషి పేరు పడుతుంది. మొదటి మనిషి పేరు ఉండాల్సింది ఫైల్ నెత్తిన ఉండే వ్యాఖ్య లైన్లలో. వాటిని ఎవరూ పట్టించుకోరు, చాలా ఫైళ్లలో అవి ఖాళీ మూసల్లాగే మిగిలిపోతాయి. లైనక్స్ మీద నడిచే గ్నోమ్ అనే డెస్క్‌టాప్‌లో మాత్రం ఒక మంచి ఏర్పాటు ఉంది. అనువదించాల్సిన వాక్యాల మధ్యలోనే ‘ట్రాన్స్‌లేటర్-క్రెడిట్స్’ అని ఒకటి వస్తుంది. దానికి అనువాదంగా మన పేర్లే రాయాలి. అవి ఆ సాఫ్ట్‌వేర్ ‘గురించి’ అనే కిటికీలో వాడేవాళ్లకు కనిపిస్తాయి. పాత పేర్లను అలాగే ఉంచి కింద మన పేరు చేర్చుకోవాలి. మా పిల్లలకు నేను మొదట నేర్పేది అదే: పైన ఉన్నవాళ్లను తుడపొద్దు.

చాలామంది చేతులు పడిన పనిలో ఎవరి భాగం ఎంతో చెప్పడం కుదరదు అంటారు కొందరు. నాకు బమ్మెర గుర్తొస్తుంది. ఇప్పుడు జనగామ జిల్లాలో ఉంది, మాకు దగ్గరే. పోతన భాగవతం అని అందరం అంటాం. కానీ అందులో ఐదో స్కంధం గంగనది, ఆరోది సింగనది, పదకొండు పన్నెండు స్కంధాలు వెలిగందల నారయవి. ఇన్ని వందల ఏళ్ల తర్వాత కూడా మనకిది ఎలా తెలుసు? స్కంధం చివర గద్యలో రాసినవాళ్ల పేరు, తండ్రి పేరు పెట్టే అలవాటు మన కవులకు ఉంది కాబట్టి. పుస్తకం మొత్తానికి ఒక పేరు వాడుకలో స్థిరపడినా, లోపల ఎవరి భాగం దగ్గర వాళ్ల పేరు ఉంది. తాటాకు మీద గంటంతో రాసిన కాలంలో చేయగలిగిన పని ఇప్పుడు కుదరదంటే నేను ఒప్పుకోలేను.

పేజీకి పేజీ పేర్లు ఉంచినవాళ్లు ఇప్పుడూ ఉన్నారు. వెబ్ డెవలపర్లు రోజూ తెరిచే ఎండీఎన్ డాక్యుమెంటేషన్ 2020 డిసెంబర్‌లో పాత వికీ నుంచి గిట్‌హబ్‌కు మారింది. అలాంటి మార్పులో పాత చరిత్ర అంతా గాలికి పోవడం మామూలే. వాళ్లు మాత్రం వికీ కాలంలో ఒక్కో పేజీని దిద్దినవాళ్ల పేర్లను పేజీకొక జాబితాగా దాచిపెట్టారు. లైసెన్స్ ప్రకారం ‘మొజిల్లా కాంట్రిబ్యూటర్స్’ అని ఒక్క మాట చెబితే చాలు. చట్టం అడిగినదానితో ఆగకుండా ఆ పేర్లను కాపాడారు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం పనిచేసే గ్నూ ప్రాజెక్టు వాళ్లు 2000లో డాక్యుమెంట్ల కోసం ప్రత్యేకంగా లైసెన్స్ తెచ్చినప్పుడు అందులో ఒక షరతు పెట్టారు. ఆ డాక్యుమెంట్‌ను మార్చి మళ్లీ ప్రచురించేవాళ్లు తమ పేరుతో పాటు అసలు రచయితల్లో ముఖ్యులైన ఐదుగురి పేర్లయినా మొదటి పేజీలో వేయాలి. ఐదుగురు లేకపోతే ఉన్నవాళ్లందరివీ. తెలుగు వికీపీడియా 2003లో మొదలైన కాలంలో వికీపీడియాలన్నీ ఆ లైసెన్స్ కిందే నడిచేవి. 2009లో క్రియేటివ్ కామన్స్ లైసెన్స్‌కు మారాక కూడా ప్రతి వ్యాసం వెనక ‘చరిత్ర’ తెరిస్తే కామా దిద్దినవాళ్ల దాకా కనిపిస్తారు.

ఇక నాకు ఎక్కువగా ఎదురయ్యే మాట: పేరు కోసం చేస్తే అది సేవ ఎట్లయితది? మా ఇంట్లోనే అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. వాళ్లకు నేను చెప్పింది ఇది. మా గదికి వచ్చే పిల్లల్లో ఒకరికీ పెద్ద కాలేజీ పేరు లేదు, తెలిసినవాళ్లు కంపెనీల్లో లేరు. ఇంగ్లీషు మాట్లాడితే గొంతు వణుకుతుంది. వాళ్ల దగ్గరున్నది చేసిన పని ఒక్కటే. ఆ పని మీద పేరు తీసేస్తే వాళ్లు ఏమీ చేయనివాళ్లతో సమానం అవుతారు. మెయింటెయినర్‌కు ఆ కమిట్ వేలల్లో ఒకటి, ఆ అమ్మాయికి ఉన్నదే అది. పేరు వద్దనే గొప్పతనం ఇప్పటికే పేరున్నవాళ్లకు సులువు.

పేర్లు లేకపోతే ఏమవుతుందో తెలంగాణ వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ఇక్కడ తెలుగు కవులే లేరన్న మాట ఒకప్పుడు వచ్చింది. దానికి జవాబుగా 1934లో సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ కవుల సంచిక తెచ్చారు. 354 మంది కవుల పేర్లు, వాళ్ల పద్యాలు అచ్చులో కనిపించేసరికి లేరన్న మాట నిలవలేదు. ‘తెలంగాణ కవులందరికీ వందనాలు’ అని ఒక వాక్యం రాసి ఊరుకుంటే అది జవాబు అయ్యేదా? ఎవరో ఒక్కొక్కరి పేరూ ఊరూ సేకరించారు కాబట్టి అయింది. తెలుగులో సాఫ్ట్‌వేర్ రాతలు రాసేవాళ్లు ఎక్కడున్నారు అని ఇవాళ ఎవరైనా అడిగితే చూపించడానికి మన దగ్గర అలాంటి జాబితా ఉండాలి.

పేరు ఇస్తామంటే చెత్త వచ్చి పడుతుంది అనే వాళ్ల భయం మాత్రం నిజమైనది. 2020 అక్టోబర్‌లో, ఓపెన్ సోర్స్‌కు పని చేయమని ప్రోత్సహించే హ్యాక్టోబర్‌ఫెస్ట్ అప్పుడు చూశాం. నాలుగు పుల్ రిక్వెస్టులు పంపితే టీషర్ట్ అన్నారు. ప్రాజెక్టును పరిచయం చేసే రీడ్‌మీ ఫైల్లో ఒక మాట ముందుకూ వెనక్కూ మార్చి పంపినవాళ్లు వేలల్లో తయారయ్యారు. అందులో మన దేశపు విద్యార్థులు చాలామంది ఉన్నారు, అది చూసి నాకు సిగ్గేసింది. మెయింటెయినర్లు విసిగిపోయారు. కొద్దిరోజుల్లోనే నిర్వాహకులు రూల్ మార్చి, ముందుగా ఒప్పుకున్న ప్రాజెక్టుల్లో పంపినవే లెక్కలోకి తీసుకుంటామన్నారు. కానీ అక్కడ ఇచ్చింది అంకెకు బహుమతి. ఎన్ని అని అడిగారు, ఏం చేశావు అని అడగలేదు. ‘ఇంటర్నెట్ లేని చోట ఇన్‌స్టాల్ చేసే పేజీ రాసింది, నాలుగు మెషిన్ల మీద పరీక్షించింది’ అని పేరు పక్కన రాయాల్సి వస్తే, మాట అటూ ఇటూ జరిపినవాళ్లు ఏం రాసుకుంటారు? అందుకే కమిట్ల లెక్క చూపించే పట్టికలంటే నాకు పడదు. ‘గిట్ షార్ట్‌లాగ్’ ఇచ్చే అంకెల్లో మా జగిత్యాల అబ్బాయి సున్నా.

పేరు వద్దనుకునేవాళ్లూ ఉంటారు, వాళ్లను తప్పకుండా అడగాలి. గిట్‌లో పేరుతో పాటు మెయిల్ ఐడీ కూడా అందరికీ కనబడుతుంది. మా దగ్గర ఒక అమ్మాయికి అలాగే ముక్కూమొహం తెలియనివాళ్ల నుంచి మెయిళ్లు వచ్చాయి, వారం రోజులు టెన్షన్ పడింది. గిట్‌హబ్‌లో అసలు మెయిల్ దాచిపెట్టే వీలుంది, ఇప్పుడు అందరికీ మొదటి రోజే అది పెట్టిస్తున్నాను. కలం పేరు పెట్టుకుంటామంటే అదీ సరే. పేరు ఎలా రాయాలన్నది కూడా వాళ్లనే అడగాలి. ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గడులు చూసి మనవాళ్లు ఇంటిపేరు ముందు రాస్తారు. ఒక విడుదల నోట్‌లో మా అబ్బాయికి ఉత్త ఇంటిపేరుతో ధన్యవాదాలు వచ్చాయి. అది తనకే అని వాడికే తెలియలేదు. తెలుగు లిపిలో రాసుకున్నా గిట్ మారు మాట్లాడకుండా తీసుకుంటుంది. పెళ్లయ్యాక పేరు మారినా, మెయిల్ మారినా ‘మెయిల్‌మ్యాప్’ అనే ఫైల్లో ఒక్క లైన్ చేర్చితే పాత పనీ కొత్త పేరు కిందికి వస్తుంది.

మా గదిలో ఇప్పుడు పద్ధతి మార్చుకున్నాం. ఆదివారం పని ముగిసే ముందు పది నిమిషాలు ఆగి, ఈ రోజు ఎవరు ఏం చేశారో గట్టిగా చెప్పుకుంటాం. తప్పు పట్టినవాళ్లు, మాట సూచించినవాళ్లు, పాత కంప్యూటర్ తెచ్చి ఇచ్చినవాళ్లు, అందరూ. అది విన్నాకే కమిట్ సందేశం రాస్తాం. మొదట్లో పిల్లలు సిగ్గుపడేవాళ్లు, ‘నేనేం చేసిన మేడం’ అనేవాళ్లు. పక్కవాళ్లు చెప్పేవాళ్లు ఏం చేశారో. ఇంకో నియమం కూడా పెట్టుకున్నాం: ఏ ప్రాజెక్టుకైనా పంపేటప్పుడు, మీరు మార్చి కలిపితే దయచేసి ఈ లైన్ కూడా ఉంచండి అని కో-ఆథర్డ్-బై లైన్‌ను మేమే రాసి పంపుతాం. ఇప్పటిదాకా ఒక్కరూ కాదనలేదు.

ఆ అమ్మాయికి ఆ ఉద్యోగం రాలేదు. వేరే చోట వచ్చింది, ఫిబ్రవరి నుంచి హైదరాబాద్‌లోనే ఉంటోంది. ఆమె రాసిన పేజీని మొన్న కొత్త వెర్షన్‌లో రెండుగా విడదీశారు. రెండిట్లోనూ వాక్యాలు చాలావరకు ఆమెవే, నాకు గుర్తున్నాయి. విడదీసే కమిట్‌లో ఆమె పేరు పెట్టమని ఈసారి ముందుగానే రాశాను. పెట్టారు. తెలుగు లిపిలో, ఇంటిపేరు ముందు, ఆమె రాసుకునే తీరులోనే. ఆ లింకు ఆమెకు పంపితే చాలాసేపు జవాబు రాలేదు. రాత్రి పదకొండింటికి ఒక మెసేజ్ పెట్టింది. "మేడం, ఆ 2 జీబీ సిస్టమ్ మా బడిల ఇంకా నడుస్తుందట. కొత్త వెర్షన్ దాని మీద ఎక్కుతదో లేదో పండక్కి వచ్చినప్పుడు చూస్త."